రిటైరయ్యాక రావాల్సిన డబ్బు, ఎమ్మెల్సీ గారి చుట్టూ తిరిగిన ఏడాది: నా అనుభవం

నేను 2024 జూలై 31న కోనసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌గా పదవీ విరమణ చేశాను. ఇది రాస్తున్నది 2025 మే నెలలో. ఈలోగా పింఛను మొదలైంది, గ్రాట్యుటీ, పీఎఫ్, బీమా డబ్బు వచ్చాయి. వాడుకోని సెలవులకు ఇచ్చే నగదు రాలేదు, డీఏ (కరువు భత్యం) బకాయిలు రాలేదు. ఈ ఏడాది రిటైరవుతున్నవాళ్లు నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: ఎమ్మెల్సీ గారిని కలిస్తే పని అవుతుందా అని. అవుతుందనీ కాదనీ ఒక్క ముక్కలో చెప్పలేను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిజానికి నేను 2022లోనే ఇంటికి వెళ్లాల్సినదాన్ని. ఆ ఏడాది జనవరి నుంచి విరమణ వయసు 60 నుంచి 62కు పెరగడంతో మరో రెండేళ్లు పాఠాలు చెప్పాను. దాంతో నా ఈడువాళ్లందరి కాగితాలూ 2024లోనే కదలడం మొదలైంది.

పింఛను కాగితాలు జనవరిలోనే తయారు చేశాం. మావారితో కలిసి దిగిన ఫొటోలు, నమూనా సంతకాలు, గుర్తింపు చిహ్నాలు, నామినేషన్లు, అన్నీ మూడేసి ప్రతులు. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మా ప్రధానోపాధ్యాయుడి ఎదుట కూర్చుని చూసుకున్నాను. ప్రతి ఏడాదీ సర్వీసు తనిఖీ చేసినట్టు సంతకం ఉందా, ప్రతి ఇంక్రిమెంటూ నమోదైందా అని. ఒక బదిలీ తర్వాత రెండేళ్లకు తనిఖీ సంతకం లేదు. ఆ పాత బడికి వెళ్లి చేయించుకున్నాను. రిటైరయ్యేవాళ్లు ఈ ఒక్క పనీ ఏడాది ముందే చేసుకోవాలి. జిల్లా పరిషత్ బడుల్లో పనిచేసే మా కాగితాలు అకౌంటెంట్ జనరల్‌కు వెళ్లవు, రాష్ట్ర ఆడిట్ శాఖకు వెళతాయి. ఈ సంగతి తెలియక విజయవాడ వెళ్లి వాకబు చేసి తిరిగొచ్చినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు.

వీడ్కోలు సభ రోజుల్లో లంకల్లో వరద నీరు ఇంకా పూర్తిగా తీయలేదు. కొందరు పిల్లలు పడవ దిగి బురద కాళ్లతోనే వచ్చారు. శాలువా కప్పారు, దండలు వేశారు, బాగా జరిగింది. మర్నాటి నుంచి జీతం లేదు. పింఛను ఉత్తర్వు అక్టోబరులో వచ్చింది, మొదటి పింఛను నవంబరులో మూడు నెలల బకాయితో కలిపి పడింది. ఆ మధ్య నెలలు ఎలా గడుస్తాయో మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కనీసం నాలుగు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని రిటైరవ్వండి. మా రెండో అమ్మాయికి మాఘమాసంలో పెళ్లి కుదిరింది. పీఎఫ్ డబ్బు వస్తుంది కదా అన్న ధీమాతో మాట ఇచ్చాం. అది రాకపోవడంతో సెప్టెంబరులో ఐదు లక్షలు చేబదులు తెచ్చాం, నూటికి రూపాయిన్నర వడ్డీ. అంటే నెలకు 7,500. పీఎఫ్‌లో నిలిచి ఉన్న నా సొమ్ము మీద ప్రభుత్వం ఇచ్చే వడ్డీ ఏడాదికి 7.1 శాతం. నా డబ్బు అక్కడ ఉంది, దాని కోసం నేను ఇక్కడ 18 శాతం కడుతున్నాను. రాత్రిపూట ఈ లెక్క బుర్రలో తిరుగుతూ ఉంటే నిద్ర పట్టేది కాదు.

మా పీఎఫ్ ఖాతాలు జిల్లా పరిషత్ దగ్గర ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది, కలెక్టరేటు అమలాపురానికి వచ్చింది. జిల్లా పరిషత్ మాత్రం విడిపోలేదు. అది కాకినాడలోనే ఉంది. అంటే కొత్త జిల్లా కేంద్రం దాటి, ముమ్మిడివరం, యెదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడ వెళ్లాలి. పొద్దున్నే బయల్దేరితే తప్ప అదే రోజు పని ముగించుకుని రాలేం.

అక్కడ సెక్షన్‌లో ఉన్న గుమస్తా మంచివాడు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించాడు. 2009-10లో నాలుగు నెలలు, 2013-14లో రెండు నెలలు నా జీతంలోంచి కోసిన చందా ఖాతాలో జమ కాలేదు. మిస్సింగ్ క్రెడిట్లు అంటారు. డబ్బు కోసినట్టు జీతం రిజిస్టరులో ఉంది, ఖాతాలో లేదు. అప్పట్లో నేను పనిచేసిన ఒక చోట నుంచి షెడ్యూళ్లు, అంటే ఎవరి జీతంలో ఎంత కోశారో చూపే పట్టికలు, సరిగా వెళ్లలేదు. ఇప్పుడు ఆ నెలల జీతం బిల్లు ఏ తేదీన, ఏ వోచరు సంఖ్యతో ట్రెజరీలో పాసైందో రాయించుకుని తెస్తేనే జమ చేస్తారు. 2018కి ముందు సంగతి కాబట్టి ప్రభుత్వ చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో దొరకదు, చేతిరాత రిజిస్టర్లు వెతకాలి. సబ్ ట్రెజరీలో ఒక సీనియర్ అకౌంటెంటు భోజనం మానేసి మరీ అల్మారా పైనుంచి రిజిస్టర్లు దించాడు. అంచులు చెద తిన్నాయి, అంకెలు మాత్రం నిలిచాయి. ఐదు నెలలవి దొరికాయి. ఆరో నెల పేజీ చిరిగిపోయింది. దానికి ప్రత్యేకంగా ధ్రువీకరణ రాయించుకోవాల్సి వచ్చింది. ఇదంతా అయ్యేసరికి అక్టోబరు సగం గడిచింది. ఏటా వచ్చే పీఎఫ్ స్లిప్పు చూసి పక్కన పడేయకుండా పన్నెండు నెలలూ ఉన్నాయా అని లెక్క పెట్టుకోండి.

నా ఫైలు సవ్యంగా ఉన్నా డబ్బు రాదని మాకు అప్పటికే అర్థమైంది. నాకంటే ముందు రిటైరైనవాళ్ల బిల్లులు పాసై నెలల తరబడి చెల్లింపు వరుసలో నిలబడి ఉన్నాయి. మా సంఘం మండల కార్యదర్శి, "ఎమ్మెల్సీ గారిని కలుద్దాం మేడం" అన్నారు. ఏ ఎమ్మెల్సీని? మా తూర్పు పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ స్థానం ఖాళీగా ఉంది. 2021లో గెలిచిన షేక్ సాబ్జీ గారు 2023 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో పోయారు. మా జీతాల సంగతి, పింఛను సంగతి శాసనమండలిలో అడిగే మా మనిషి లేకుండానే నేను రిటైరయ్యాను. ఆ లోటు ఎంత పెద్దదో నాకు అవసరం పడ్డాక తెలిసింది.

మండలిలో మొత్తం 58 మంది సభ్యులు, వాళ్లలో ఉపాధ్యాయులు ఎన్నుకునేవాళ్లు ఐదుగురే. వేరే జిల్లాల నుంచి గెలిచిన ఒక ఉపాధ్యాయ ఎమ్మెల్సీ గారు మమ్మల్ని రమ్మన్నారు. అక్టోబరు చివరి ఆదివారం వెళ్లాం. వెళ్లేటప్పుడు నాకు చాలా నామోషీగా అనిపించింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకరిని సిఫారసు అడిగిన మనిషిని కాను. ఇది దానం కాదు, మీ కష్టార్జితం అని కార్యదర్శి గారు దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు.

ఎమ్మెల్సీ గారి ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, అప్పటికే ఇరవై మంది దాకా ఉన్నారు. రెండు గంటలు కూర్చున్నాక పిలిచారు. నేను రాత్రంతా కూర్చుని రెండు పేజీల వినతిపత్రం రాసుకెళ్లాను, ముప్పై ఏళ్లు పైబడిన సర్వీసు, అమ్మాయి పెళ్లి, అప్పు, అన్నీ. ఆయన మొత్తం ఓపికగా చదివారు. చదివి, కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో గళ్లు గీశారు. పేరు, ఉద్యోగి సంఖ్య, ఏ పద్దు, బిల్లు సంఖ్య, ట్రెజరీలో పాసైన తేదీ, మొత్తం, ఇప్పుడు ఎక్కడ ఆగింది. ఏడు గళ్లు.

"అమ్మా, రావాల్సిన డబ్బు ఇప్పించండి అని నేను ఉత్తరం రాస్తే, నిధుల లభ్యతను బట్టి చెల్లిస్తాం అని జవాబు వస్తుంది. ఆ జవాబు మీకూ నాకూ ఎందుకూ పనికిరాదు. ఈ గళ్లు నింపి తీసుకురండి. మీ ఒక్కరివి కాదు, మీ జిల్లాలో ఎంతమంది ఉంటే అంతమందివి" అన్నారు.

ఇంకో మాట కూడా చెప్పారు. అది నాకు ఎంతో ఉపయోగపడింది. కాగితం లోపం వల్ల ఆగినవి, కింది స్థాయిలో ఎవరూ పట్టించుకోక ఆగినవి, పాసై కూడా డబ్బు విడుదల కాక ఆగినవి, ఈ మూడూ వేరు వేరు. మొదటి రెండింటికీ ఆయన ఒక ఫోను చేస్తే కదులుతాయి. మూడోది ఒక్కరి కోసం కదలదు, అందరిదీ కలిపి పెద్ద మొత్తంగా పైన అడగాలి. మండలికి బడ్జెట్ పద్దుల మీద ఓటు లేదు, చర్చించడం, అడగడం వరకే. "ఓటు లేదు కాబట్టి నా దగ్గర లెక్క గట్టిగా ఉండాలి" అన్నారు. నేను బడిలో ఇన్నేళ్లు పౌరశాస్త్రం చెప్పాను, మండలి అధికారాల పాఠం నాకు ఆ వరండాలో బాగా అర్థమైంది.

జాబితా తయారు చేయడానికి మూడు వారాలు పట్టింది. రాజోలు, పి.గన్నవరం, ముమ్మిడివరం వైపు నుంచి నలభై మంది పైచిలుకు వివరాలు వచ్చాయి. వాళ్లలో సగం మందికి తమ బిల్లు సంఖ్య తెలియదు. కొందరికి బిల్లు పెట్టారో లేదో కూడా తెలియదు. ఫోనులో అడిగితే "ఆఫీసులో ఇచ్చేశానమ్మా" అనేవారు. ఆరా తీస్తే కొన్ని బిల్లులు అసలు ట్రెజరీ గడప ఎక్కనే లేదు, ఒక కార్యాలయంలో బీరువాలోనే ఉండిపోయాయి. వాటికి ఎమ్మెల్సీ గారి దాకా వెళ్లాల్సిన పని లేకపోయింది. జాబితా వేస్తున్నాం అని తెలిసిన వారంలోనే అవి కదిలాయి.

ఆ జాబితాలో మొదటి పేరు ఒక మాస్టారి భార్యది. ఆయన విరమణ చేసిన కొన్నాళ్లకే గుండెపోటుతో పోయారు. ఆమెది లంక గ్రామం, చదువు తక్కువ. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం ఎదురుచూస్తూ ఉంది. ఆమెను మొదట పెట్టింది మేము కాదు. ఎమ్మెల్సీ గారే జాబితా చూసి, పదిహేడో వరుసలో ఉన్న ఆమె పేరు పైకి తెచ్చి మళ్లీ టైపు చేయించారు.

నవంబరులో మండలి సమావేశాలు జరిగాయి. ఆయన మా విషయం మీద ప్రశ్నకు నోటీసు ఇచ్చారు. మేము రోజూ టీవీ ముందు కూర్చున్నాం. మాది రాలేదు. నోటీసు ఇచ్చిన ప్రతి ప్రశ్నా సభలో నోటితో జవాబు చెప్పేదాకా రాదట. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఆయన సహాయకుడు ఫోను చేసి, సార్ జాబితా పట్టుకుని సచివాలయానికి వెళ్లారు, సభ కూడా వెలగపూడిలోనే కదా, విరామంలో నడిచి వెళ్లి ఇచ్చి వచ్చారు అని చెప్పాడు. ఆ తర్వాత ఒక జవాబు ఉత్తరం వచ్చింది. అది మాకు రాదు, సభ్యుడి పేరునే వస్తుంది. దాని నకలు అడిగి తీసుకోవాలి. మా నలభై మందిలో పీఎఫ్ బిల్లులు ఎన్ని పాసై ఉన్నాయో సచివాలయం వాళ్లే లెక్క తేల్చి ఆ ఉత్తరంలో రాశారు. నా పీఎఫ్ మంజూరై బిల్లు పాసైన సంగతి నాకు మొదట తెలిసింది ఆ నకలు చూసే.

ఈలోగా మా స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది, డిసెంబరు 5న పోలింగ్. రిటైరయ్యాను కదా, ఓటు పోయిందనుకుంటారు చాలామంది. పోలేదు. అర్హత తేదీకి ముందు ఆరేళ్లలో కనీసం మూడేళ్లు బోధించి ఉంటే ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటు ఉంటుంది. జాబితాలో పేరు మాత్రం విడిగా నమోదు చేయించుకోవాలి. వాళ్లు ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో ప్రాధాన్య అంకెలు వేసి వచ్చాను. డిసెంబరు 9న లెక్కింపు, బొర్రా గోపిమూర్తి గారు గెలిచారు. మా జాబితా నకలు ఆయన కార్యాలయంలో కూడా ఇచ్చాం.

కమ్యుటేషన్ డబ్బు, అంటే పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం, డిసెంబరులో పడింది. తర్వాత సంక్రాంతికి ముందు ప్రభుత్వం రూ.6,700 కోట్ల పెండింగ్ బిల్లులు విడుదల చేస్తున్నట్టు వార్త వచ్చింది, అందులో ఉద్యోగుల పీఎఫ్‌కు కూడా వాటా ఉంది. కనుమ వెళ్లిన మర్నాడు పొద్దున్న నా ఫోనుకు బ్యాంకు సందేశం వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని అంకెలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, మావారికి ఇచ్చి ఆయన చేత కూడా చదివించాను. చేబదులు వెంటనే తీర్చేశాం. వడ్డీకే దాదాపు నలభై వేలు పోయింది. లంక గ్రామపు ఆమెకు కూడా అదే వారంలో పడింది. ఆమె ఫోను చేసి ఏమీ మాట్లాడలేకపోయింది, వాళ్లబ్బాయి తీసుకుని చెప్పాడు.

ఇది ఎమ్మెల్సీ గారి వల్ల వచ్చిందా? రాష్ట్రమంతా విడుదలైన డబ్బు, మాకొక్కరికే కాదు. కానీ విడుదలైన రోజున మా బిల్లులు తప్పుల్లేకుండా వరుసలో నిలబడి ఉన్నాయి. పక్క మండలంలో నాతోపాటే రిటైరైన ఒక మాస్టారికి అప్పటికింకా మిస్సింగ్ క్రెడిట్లు తేలలేదు. ఆయన దాకా ఆ విడత రాలేదు.

ఫిబ్రవరిలో గ్రాట్యుటీ వచ్చింది, పరిమితి 16 లక్షలు. పెళ్లి బాగా జరిగింది. ఇంకా బీమా, సెలవుల నగదు మిగిలాయి. మార్చి 31 దగ్గరపడుతోంది. ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి చెల్లించని బిల్లులు మురిగిపోతాయి, ఏప్రిల్‌లో మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి. అందుకని మార్చి రెండో వారంలో మేము ఐదుగురం వెలగపూడి వెళ్లాం. సభ్యుడి సిఫారసు మీద సందర్శకుల పాసు ఇస్తారు. ఆధార్ ఉండాలి, ఫోను బయటే పెట్టేయాలి, చేతిసంచీ కూడా లోపలికి రానివ్వరు. బీపీ మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లండి.

గ్యాలరీలో కూర్చుని చూస్తే టీవీలో కనిపించేదానికంటే సభ చాలా చిన్నది. ఎమ్మెల్సీ గారు లేచి నిలబడ్డారు. రెండు మూడు నిమిషాలకు మించి సమయం ఇవ్వలేదు. చేతిలో మా జాబితానే, గళ్లు గీసిన కాగితం. రిటైరైనవాళ్ల సెలవుల నగదు, బీమా, డీఏ బకాయిల గురించి చదివారు. ఎవరి పేరూ చెప్పలేదు, పద్దులు, నెలలు, మొత్తాలు చెప్పారు. మధ్యలో గంట మోగింది. చివరి వాక్యం గబగబా చెప్పి కూర్చున్నారు. మా ఐదుగురిలో ఎవరమూ కదలలేదు. మా జీవితంలో ఏడాది ఆ రెండు నిమిషాల్లో ఉంది, అది సభ కార్యకలాపాల పుస్తకంలోకి ఎక్కింది. నాకు గొప్ప ఊరట కలిగింది. ఆ పూట డబ్బు రాదని తెలిసి కూడా.

మార్చి 21న ఉద్యోగుల సీపీఎస్ (వాటా చెల్లించే పింఛను పథకం), ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) బకాయిలకు రూ.6,200 కోట్ల విడుదల మొదలైంది. నా బీమా డబ్బు ఆ నెలాఖరులో పడింది. సెలవుల నగదు రాలేదు. నాకు రావాల్సింది పది లక్షలు దాటే మొత్తం. మాకు వేసవి సెలవులు ఉంటాయని ఏడాదికి ఆరు రోజులే ఆర్జిత సెలవు జమ చేస్తారు, మిగతాది సగం జీతం సెలవులతో కలిపి 300 రోజులకు లెక్క కడతారు. ఆ లెక్క వేయడంలోనే బిల్లు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మార్చి 31తో పాత బిల్లు మురిగిపోయింది.

ఏప్రిల్ మూడో వారంలో మా ప్రధానోపాధ్యాయుడు కొత్త బిల్లు పెట్టారు, మే 6న ట్రెజరీలో పాసైంది. కొత్త సంఖ్య, తేదీ ఆ సాయంత్రమే ఎమ్మెల్సీ గారి సహాయకుడికి పంపాను. జాబితాలో ఇప్పుడు మిగిలింది పందొమ్మిది మంది. మిగతావాళ్ల కొత్త బిల్లు సంఖ్యలు కూడా నేనే సేకరిస్తున్నాను. ఈ నెలాఖరులోగా అన్నీ ఒక కాగితం మీదకు వస్తే, వచ్చే సమావేశాలకు ఆయన మళ్లీ నోటీసు ఇస్తానన్నారు.